సముద్రం అడుగున కరెంటు తీగ: సర్వే నుంచి ఛార్జింగ్ దాకా మా అనుభవం

రెండు దేశాల గ్రిడ్లను సముద్రం కింద నుంచి కలిపే పనిలో మొదటి రెండు మూడేళ్లు మేం కరెంటు గురించి కంటే మట్టి గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. ఇసుక ఎంత మందాన ఉంది, దాని కింద బంకమన్ను ఎంత గట్టిది, అది వేడిని ఎంత తొందరగా లాగేస్తుంది, అడుగున ఇసుక దిబ్బలు ఏటా ఎంత జరుగుతున్నాయి, ఇవే మాటలు. ఒడ్డున కట్టే కన్వర్టర్ స్టేషన్‌ని (దిశ మారుతూ ఉండే గ్రిడ్ ఏసీ కరెంటును ఒకే దిక్కున పారే డీసీగా, డీసీని తిరిగి ఏసీగా మార్చే కేంద్రాన్ని) ఒకచోట కట్టినట్టే ఇంకోచోటా కట్టొచ్చు. సముద్రపు అడుగు అలా కుదరదు. పక్కపక్క కిలోమీటర్లకే పోలిక ఉండదు. కేబుల్‌లో రాగి ఎంత ఉండాలో, ఎంత లోతున పూడ్చాలో, జాయింటు ఎక్కడ పడాలో చివరికి తేల్చేది ఆ నేలే.

లెక్కలు పట్టుబడాలంటే ఒక కొలత కావాలి కాబట్టి 1,400 మెగావాట్లు, ±525 కిలోవోల్ట్, సుమారు 700 కిలోమీటర్ల డీసీ లింకును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నార్వే, జర్మనీల మధ్య 2021లో వచ్చిన నార్డ్‌లింక్ (623 కి.మీ.), బ్రిటన్, డెన్మార్క్‌ల మధ్య 2023 చివర్లో మొదలైన వైకింగ్ లింక్ (765 కి.మీ.) ఈ కోవలోవే. ఈ దారిలో మొదటి అడుగు 1954లో స్వీడన్ తీరం నుంచి గోట్లాండ్ దీవికి వేసిన 20 మెగావాట్ల, 100 కిలోవోల్ట్ కేబుల్.

ముందు తేల్చుకోవాల్సినవి

ఏసీ ఎందుకు వద్దంటే, కేబుల్ స్వతహాగా ఒక పొడవాటి కెపాసిటర్, అంటే ఛార్జి నింపుకునే పరికరం. 400 కిలోవోల్ట్ కేబుల్‌కు కిలోమీటరుకు 0.2 మైక్రోఫారడ్ కెపాసిటెన్స్ అనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు 14, 15 ఆంపియర్లు దాన్ని ఛార్జ్ చేయడానికే పోతాయి. వంద కిలోమీటర్లకు 1,450 ఆంపియర్లు. కేబుల్ మోయగలిగేదే దాదాపు అంత. రెండు ఒడ్డుల్లో రియాక్టర్లు (ఆ ఛార్జింగ్ కరెంటును సరిదిద్దే పెద్ద తీగచుట్టలు) పెట్టి ఆ భారాన్ని పంచుకోవచ్చు గానీ, దాంతో ఇంకొంత దూరం మాత్రమే వెళ్లగలం. పైగా రెండు గ్రిడ్లూ 50 హెర్ట్జ్‌లోనే నడుస్తున్నా అడుగులో అడుగు వేసి నడవవు. మధ్యలో డీసీ ఉంటే ఆ తేడాతో పని లేదు.

కన్వర్టర్ రకం, కేబుల్ రకం విడివిడిగా ఎంచుకునేవి కావు. థైరిస్టర్ (పాత తరహా సెమీకండక్టర్ స్విచ్) స్టేషన్‌లో కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంది. విద్యుత్తు దిశ మార్చాలంటే వోల్టేజీ ధ్రువాన్ని తిప్పాలి. నూనె ఇంకిన కాగితపు ఇన్సులేషన్ కేబుల్ దీన్ని తట్టుకుంటుంది. ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్‌లో మాత్రం ఏళ్ల తరబడి ఒకే ధ్రువంలో చిక్కుకున్న ఛార్జి లోపలే కూర్చుని ఉంటుంది. హఠాత్తుగా ధ్రువం తిప్పితే ఆ ఛార్జి, కొత్త వోల్టేజీ కలిసి ఒకచోట మీద పడతాయి. ఐజీబీటీలతో (కావాలన్నప్పుడు ఆన్, ఆఫ్ చేయగల సెమీకండక్టర్ స్విచ్‌లతో) నడిచే వోల్టేజ్ సోర్స్ కన్వర్టర్ ధ్రువం మార్చకుండా కరెంటు దిశనే మారుస్తుంది. అందుకే అది వచ్చాకే ప్లాస్టిక్ కేబుల్‌కు డీసీలో చోటు దొరికింది. థైరిస్టర్ స్టేషన్ నష్టాలు కొంచెం తక్కువే, నిజమే. కానీ తను పంపే శక్తిలో సగానికి పైగా రియాక్టివ్ పవర్ (పని చేయకుండా గ్రిడ్‌కూ స్టేషన్‌కూ మధ్య అటూ ఇటూ తిరిగే శక్తి) అడుగుతుంది, ఫిల్టర్లు స్థలాన్ని మింగేస్తాయి, తగిలించిన గ్రిడ్ బలహీనంగా ఉంటే కమ్యుటేషన్ (కరెంటు ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు మారడం) తప్పుతుంది. కొత్త లింకుకు నా ఓటు వోల్టేజ్ సోర్స్‌కే. గ్రిడ్ మొత్తం చీకటైనప్పుడు అవతలి ఒడ్డు నుంచి దీపం వెలిగించగలిగేది అదొక్కటే.

ఇలాంటి లింకును బైపోల్‌గా కడతాం, అంటే ఒక ప్లస్ కేబుల్, ఒక మైనస్ కేబుల్. ఒక ధ్రువం కన్వర్టర్ చెడితే దాని కేబుల్‌ను తిరుగుదారిగా వాడుకుని సగం, అంటే 700 మెగావాట్లు నడపొచ్చు. ఇది కేవలం సౌకర్యం కోసం కాదు. ఏ గ్రిడ్ అయినా ఒక్కసారిగా ఎంత పోగొట్టుకుని నిలబడగలదో దానికో హద్దు ఉంటుంది. లింకు పరిమాణం ఆ హద్దును దాటితే రెండు దేశాల ఆపరేటర్లూ ఒప్పుకోరు.

సర్వే

కాగితాల మీద దారి గీయడం సులువు. 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాల్లో ఆయా దేశాల అనుమతి తప్పనిసరి. ఆ పైన సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 79వ అధికరణ ఖండతీరపు అంచు (కాంటినెంటల్ షెల్ఫ్) మీద కేబుల్ వేసే హక్కునిస్తుంది. కానీ అప్పటికే అక్కడున్న పైపులైన్లను, కేబుళ్లను గౌరవించాలి. ఆ ఒక్క షరతు చాలు, రెండేళ్లు గడిచిపోతాయి. దాటబోయే ప్రతి పైపులైన్, ప్రతి టెలికాం కేబుల్ యజమానితో విడివిడిగా క్రాసింగ్ ఒప్పందం రాసుకోవాలి. యజమాని కంపెనీ మూతపడిన పాత కేబుల్ అయితే సంతకం పెట్టేవాళ్లను వెతకడమే ఒక పని.

సర్వే ఓడ సుమారు 500 మీటర్ల వెడల్పు పట్టీని దువ్వుతూ వెళ్తుంది. మల్టీబీమ్ సోనార్ లోతు చెబుతుంది. సైడ్ స్కాన్ సోనార్ బండరాళ్లను, శిథిలాలను చూపిస్తుంది. సబ్‌బాటమ్ ప్రొఫైలర్ అడుగు కింది పొరలను గీస్తుంది. మాగ్నెటోమీటర్ ఇనుమును పట్టిస్తుంది. ఉత్తర సముద్రంలో, బాల్టిక్‌లో ఆ ఇనుము చాలాసార్లు యుద్ధకాలపు మైనో బాంబో అవుతుంది. పక్కకు తప్పుకుని వెళ్లడం మొదటి ఉపాయం, పేల్చడం చివరిది. పేల్చక తప్పకపోతే చుట్టూ గాలి బుడగల తెర కట్టి సముద్రపు జంతువులకు శబ్దం తగ్గిస్తాం.

అంతా చూసి వచ్చాక కూడా అది బొమ్మే. నేలను ముట్టుకోవాలి. వైబ్రోకోర్‌తో 3 నుంచి 6 మీటర్ల మట్టి స్తంభాలు తీస్తాం, కోన్ పెనెట్రేషన్ పరీక్షతో గట్టితనం కొలుస్తాం, ప్రతి నమూనాలో ఉష్ణ నిరోధం (వేడి పారకుండా మట్టి ఎంత అడ్డుకుంటుందో) చూస్తాం. ఈ మూడో కొలతను తేలిగ్గా తీసుకున్న జట్టు తర్వాత బాధపడుతుంది. లెక్క చూడండి. 1,400 మెగావాట్లకు ఒక్కో కేబుల్‌లో 1,333 ఆంపియర్లు. 2,000 చదరపు మిల్లీమీటర్ల రాగికి కిలోమీటరుకు 0.009 ఓమ్. అంటే మీటరుకు 16 వాట్ల వేడి, రాగి కాగాక 18 దాకా. జంట కేబుళ్లు కలిపి 36 వాట్లు. ఒకటిన్నర మీటరు లోతున, ఉష్ణ నిరోధం 0.8 కెల్విన్ మీటర్ పర్ వాట్ ఉన్న తడి ఇసుకలో ఇది కేబుల్ పైతొడుగును చుట్టుపక్కల నేలకంటే సుమారు 17 డిగ్రీలు వేడెక్కిస్తుంది. అదే కేబుల్‌ను 3 మీటర్ల లోతుకు దించితే 20 డిగ్రీలు. లోతు రెట్టింపైనా పెరిగింది మూడు డిగ్రీలే. కానీ లోతు మార్చకుండా, నిరోధం 1.5 ఉన్న సేంద్రియ బురదలో పడేస్తే 32 డిగ్రీలు. కాగితపు కేబుల్‌లో రాగి 50, 55 డిగ్రీలు దాటకూడదు. అంటే నాలుగు కిలోమీటర్ల బురద పట్టీ 700 కిలోమీటర్ల లింకు సామర్థ్యాన్ని నిర్ణయించేస్తుంది. దాన్ని ముందే పట్టుకుంటే దారి మార్చొచ్చు, లేదా ఆ ముక్కకు లావు రాగి వేయించొచ్చు. ఫ్యాక్టరీలో కేబుల్ తయారయ్యాక తెలిస్తే చేసేదేం లేదు. జర్మన్ జలాల్లో దీనికి తోడు మరో నిబంధన ఉంది. కేబుల్ పైన సముద్రపు అడుగుకు 20 సెంటీమీటర్ల కింద నేల 2 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. తీరానికి దగ్గరి ప్రాంతాల్లో ఈ కొలత 30 సెంటీమీటర్ల దగ్గర తీస్తారు.

కేబుల్, ఓడ

కేబుల్ కోస్తే మధ్యలో రాగి. రాగి తీగల సందుల్లో నీరు పాకకుండా నింపిన పదార్థం. చుట్టూ సెమీకండక్టింగ్ పొర, రెండు రెండున్నర సెంటీమీటర్ల ఇన్సులేషన్, మళ్లీ సెమీకండక్టింగ్ పొర, సీసపు తొడుగు, పాలీథీన్, ఆపైన గాల్వనైజ్ చేసిన ఉక్కు తీగల ఆర్మర్, చివర పాలీప్రొపిలీన్ నూలు. నూలులో పసుపు, నలుపు చారలు అందానికి కాదు, నీటి అడుగున రోబో కెమెరాలో కేబుల్ ఆనవాలు దొరకాలని. లోతు ఎక్కువైతే ఆర్మర్ రెండు పొరలు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చుట్టాలి. ఒకే పొర ఉంటే లాగుడుకు కేబుల్ మెలి తిరుగుతుంది.

రాగి ఒక్కటే మీటరుకు 17.8 కిలోలు. రెండు కేబుళ్లు, 700 కిలోమీటర్లకు దాదాపు 25,000 టన్నులు. మొత్తం కేబుల్ మీటరుకు 50 కిలోలకు పైనే. నేడు పెద్ద కేబుల్ ఓడల్లో ఒకటైన నెక్సాన్స్ అరోరా టర్న్‌టేబుల్ (కేబుల్ చుట్టి పెట్టే తిరిగే పళ్లెం) 10,000 టన్నులు మోస్తుంది. జంటగా వేస్తే అది వంద కిలోమీటర్ల లోపే. అంటే లింకు మొత్తానికి ఏడెనిమిది విడతలు, విడతకూ విడతకూ మధ్య నడిసముద్రంలో జాయింట్లు. ఉత్తర సముద్రంలో పని చేయగలిగే కాలం ఇంచుమించు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకే. ఆ విడతలన్నీ ఆ నెలల్లోనే సర్దాలి.

రెండు కేబుళ్లను జంటగా కట్టి వేస్తే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి, ఓడల దిక్సూచి తప్పదు, ఒకే కందకం సరిపోతుంది. విడిగా వేస్తే ఒక లంగరుకు రెండూ బలికావు. లోతు తక్కువ నీళ్లలో, ఓడల రద్దీలో ఈ ప్రశ్నను దారి పొడవునా ముక్కముక్కకు విడిగా అడగాలి. లింకు మొత్తానికి ఒకే జవాబు పెట్టుకోకూడదు.

ఒడ్డుకు చేర్చడం

తీరాన్ని తవ్వకుండా దాని కింద నుంచి అడ్డంగా బోరు వేస్తాం. పైలట్ బోరు, తర్వాత రీమర్‌తో వెడల్పు, ఆపైన పాలీథీన్ పైపు లోపలికి. బోరు గోడలు కూలకుండా బెంటోనైట్ (ఒక రకం బంకమన్ను) ద్రవం నింపుతాం. పైనున్న మట్టి పలచగా ఉంటే ఆ ద్రవం పగుళ్లలోంచి బీచ్ మీదికో సముద్రంలోకో తన్నుకొస్తుంది. అందుకే బోరు లోతును కాపాడేది డ్రిల్లింగ్ కంటే ముందు తీసిన మట్టి పరీక్షే.

ఓడ దూరంగా నిలిచి కేబుల్‌ను తేలే డబ్బాల మీద వదులుతుంది, ఒడ్డున వించ్ లాగుతుంది. వెయ్యి మీటర్ల పైపు, నీటిలో మీటరుకు 40 కిలోల బరువు, రాపిడి గుణకం 0.3 అంటే 12 టన్నుల లాగుడు. పైపులో వంపుంటే ఇంకా ఎక్కువ. వించ్‌లో లోడ్‌సెల్ (లాగుడు కొలిచే పరికరం) రికార్డు లేకుండా లాగనివ్వొద్దు. తర్వాత ఎప్పుడైనా అక్కడ లోపం వస్తే ఆ గ్రాఫే సాక్ష్యం.

లాగడం అయ్యాక పైపులో బెంటోనైట్ మిశ్రమం నింపుతాం. నీళ్లు నిలిచిన పైపు కంటే అది వేడిని స్థిరంగా తోడేస్తుంది. ఇంత చేసినా మొత్తం దారిలో అత్యంత వేడి చోటు చాలాసార్లు ఈ పైపే, ఎందుకంటే మధ్యలో లోతు పది మీటర్లు దాటొచ్చు. లోపల ఫైబర్ ఉష్ణోగ్రత కొలత తప్పక పెట్టించాలి.

ఒడ్డున గోతిలో సముద్రపు కేబుల్ ఆర్మర్‌ను విప్పి కాంక్రీటుకు బిగించి, ఆర్మర్ లేని భూమి కేబుల్‌తో జాయింటు చేస్తారు. అక్కడి నుంచి స్టేషన్ దాకా డ్రమ్ముల్లో వచ్చే కేబుల్, రోడ్డు మోయగలిగిన బరువును బట్టి ఒక్కో డ్రమ్ము కిలోమీటరు, కిలోమీటరున్నర. భూమి మీద ముక్క చిన్నది కదా అని నిర్లక్ష్యం చేయొద్దు. ఇరుకు మలుపులో వంపు వ్యాసార్థం పది శాతం తగ్గించి సర్దేస్తే ఆ ఒత్తిడి ఇన్సులేషన్‌లో ఉండిపోతుంది, ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

వేయడం

ఓడ జీపీఎస్ ఆధారంగా తన థ్రస్టర్లతో తానే స్థానం నిలుపుకుంటూ నిమిషానికి ఏడెనిమిది మీటర్ల వేగంతో కదులుతుంది, రోజుకు పది పదకొండు కిలోమీటర్లు. టర్న్‌టేబుల్ నుంచి టెన్షనర్ (కేబుల్‌ను పట్టుకుని వదిలే యంత్రం), అక్కడి నుంచి వెనక చూట్ (వంపు తిరిగిన జారుడు పట్టీ) మీదుగా నీళ్లలోకి. లాగుడు లెక్క తేలికే: నీటిలో మీటరు బరువును లోతుతో గుణించి, దానికి అడుగున మిగలాల్సిన కొంచెం లాగుడు కలిపితే చాలు. 300 మీటర్ల లోతులో బరువు వల్లే ఒక్క కేబుల్‌కు 12 టన్నులు, జంటకు 24.

అడుగున మిగిలే ఆ కొంచెం దగ్గరే నేర్పంతా. తక్కువైతే కేబుల్ నేల తాకేచోట తట్టుకోగలిగిన వంపు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. ఎక్కువైతే గుంతల మీద తీగలా బిగుసుకుని వేలాడుతుంది. వేలాడే కేబుల్‌ను ప్రవాహం ఊపుతూ ఉంటుంది. పైగా తర్వాత ట్రెంచర్ (కందకం తవ్వే యంత్రం) కింద ఎంత తవ్వినా బిగుసుకున్న కేబుల్ కందకంలోకి దిగదు. పూడ్చే జట్టు మీద పడే నింద చాలాసార్లు వేసేటప్పటి లాగుడుకు చెందుతుంది. అందుకే నేల తాకే బిందువును రోబో కెమెరా ఒక్క క్షణం వదలకూడదు.

అలల ఎత్తు రెండు, రెండున్నర మీటర్లు దాటితే ఆగాలి. కానీ ఆగడమూ క్షేమం కాదు. చూట్ దగ్గర ఒకేచోట కేబుల్ గంటల తరబడి ఊగితే సీసపు తొడుగు అలసి పగులుతుంది. ఎంతసేపు వేలాడొచ్చో అలల ఎత్తును బట్టి ముందే లెక్కగట్టి పట్టిక పెట్టుకుంటాం. ఆ సమయం దగ్గరపడితే కొన్ని మీటర్లు వదిలి వంగే చోటు మారుస్తాం. తుఫాను ఖాయమైతే కేబుల్ కోసి, కొసలు మూసి, అడుగున వదిలి వెళ్లిపోవడమే. ఆ నిర్ణయం ఆలస్యమైతే కోసినచోట వేసే జాయింటు ఖర్చుకు తోడు పాడైన ముక్క ఖర్చు కూడా మీద పడుతుంది.

జాయింటు

నన్నడిగితే మొత్తం లింకు నాణ్యత ఈ గదిలో తేలుతుంది. డెక్ మీద కంటెయినర్ లాంటి గది, గాలిలో తేమ, ధూళి అదుపులో ఉండాలి. లోపలికి ఇద్దరు ముగ్గురు జాయింటర్లు మాత్రమే.

రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి ఆర్మర్ వెనక్కి మలుస్తారు. సీసం కోస్తారు. రాగిని వెల్డ్ చేసి ఎక్స్‌రే తీస్తారు. ప్లాస్టిక్ కేబుల్ అయితే ఇన్సులేషన్ కొసను పెన్సిల్ మొనలా చెక్కి, గరుకు కాగితం నుంచి నున్నటి కాగితం దాకా వరుసగా మారుస్తూ రుద్దుతారు, ఆపైన ఫ్యాక్టరీలో పోసిన రబ్బరు జాయింటు తొడుగును జరుపుతారు. ఆ రబ్బరుకూ ఇన్సులేషన్‌కూ మధ్య వెంట్రుక మందం గీత మిగిలినా, ఒక్క ధూళికణం చిక్కినా, అక్కడే ఛార్జి పోగవుతుంది. కాగితపు కేబుల్ అయితే పాత కాగితాన్ని మెట్లుమెట్లుగా కోసి, కొత్త పట్టీలను చేత్తో ఒక్కొక్కటే చుట్టాలి. ప్రతి పట్టీ కింది పట్టీ అంచును కప్పుతూ ముందు గీసుకున్న కొలతకు రావాలి. తర్వాత సీసపు గొట్టాన్ని రెండువైపులా కరిగిన సీసంతో అతికి, పైన ఉక్కు కవచం, దానికి ఆర్మర్ తీగలు.

జంట కేబుళ్లకు ఇదంతా ఐదు నుంచి ఎనిమిది రోజులు. అన్ని రోజులూ ఓడ కదలకూడదు. కాబట్టి వారం పైన మంచి వాతావరణం కనబడితేనే కొసలు పైకెత్తాలి. వాతావరణ నివేదికలో ఏడో రోజు మీద నమ్మకం తక్కువ, అందుకే ఎనిమిదో రోజు ఏం చేయాలో మొదటి రోజే రాసిపెట్టుకోవాలి.

కొత్తవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. కింద ఉన్న రెండు కొసల్ని డెక్ మీదికి తేవాలంటే నీటి లోతుకు రెట్టింపు కేబుల్ అదనంగా కావాలి. జాయింటు అయ్యాక ఆ అదనం అంతా ఒమేగా (Ω) ఆకారంలో పక్కకు పరుచుకుంటుంది. లోతు 200 మీటర్లయితే ఆ వంపు అసలు దారి నుంచి 200 మీటర్లకు పైగా పక్కకు పోవచ్చు. సర్వే పట్టీ అంచు అక్కడే అయిపోతే, పరీక్షించని నేల మీద, ఏ బాంబు ఉందో తెలియని చోట కేబుల్ దించాల్సి వస్తుంది. జాయింట్ల చోటును సర్వేకు ముందే అంచనా వేసి, అక్కడ పట్టీని వెడల్పు చేయించుకోవాలి.

పూడ్చడం

1961లో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ఇంగ్లిష్ చానెల్‌లో వేసిన మొదటి లింకు 160 మెగావాట్లది. దాని కేబుళ్లను అడుగున పరిచి వదిలేశారు. లంగర్లు, చేపల వలలు పదేపదే దెబ్బతీశాయి. 1986లో దాని స్థానంలో వచ్చిన 2,000 మెగావాట్ల లింకు కేబుళ్లను కందకాల్లో పూడ్చారు. అయినా 2016 నవంబర్‌లో తుఫాను రాత్రి ఈడ్చుకొచ్చిన లంగరు ఎనిమిది కేబుళ్లలో నాలుగింటిని తెంపింది, సామర్థ్యం నెలల పాటు సగానికి పడిపోయింది. పూడ్చడం అంటే బీమా లాంటిది. ఎంత లోతు అన్నది ఆ చోట తిరిగే ఓడల లంగరు బరువును, నేల మెత్తదనాన్ని చూసి తేల్చాలి. గట్టి బంకమన్నులో ఒక మీటరు, మెత్తటి బురదలో మూడు మీటర్ల కంటే ఎక్కువ రక్షణ ఇవ్వొచ్చు.

ఇసుకకు నీటి జెట్ ట్రెంచర్. అది ఇసుకను నీళ్లలా చేసి కేబుల్‌ను తన బరువుతోనే దిగనిస్తుంది. సుమారు 100 కిలోపాస్కల్ కంటే గట్టి బంకమన్నులో జెట్ పనిచేయదు, గొలుసు కట్టర్ కావాలి. ఒకే కిలోమీటరులో రెండూ ఉంటే ఏ యంత్రం తెచ్చినా సగం మిగిలిపోతుంది. అలాంటి ముక్కలకు ముందే రాళ్ల ఓడను బుక్ చేసుకోవడం తెలివి. పొడవాటి గొట్టం ద్వారా 2 నుంచి 12 సెంటీమీటర్ల రాళ్లను కేబుల్ మీద పోసి, వలల బరువులు తగులుకోకుండా జారిపోయేలా పక్కలు ఒకటికి మూడు వాలులో ఉంచుతాం.

పాత పైపులైన్ దాటేచోట వీలైనంత లంబంగా దాటాలి. మధ్యలో 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు కాంక్రీటు చాపలు పరిచి కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. పైన మళ్లీ రాళ్లు.

ఒప్పందంలో ఒక మాట స్పష్టంగా రాసుకోండి. కేబుల్ ఎంత దిగింది అన్నది వేరు, కేబుల్ మీద ఎంత మట్టి నిలిచింది అన్నది వేరు. జెట్ కందకంలో మట్టి కొంత కొట్టుకుపోతుంది. ఒకటిన్నర మీటరు దిగిన కేబుల్ మీద అర మీటరు మట్టే ఉండొచ్చు. ఈ రెండు కొలతల మధ్య తేడా మీద నెలల తరబడి వాదనలు నడుస్తాయి. ఇసుక దిబ్బలు జరిగే చోట అయితే ఇవాళ్టి అడుగును కాక, దిబ్బలు జరిగిపోయాక మిగిలే స్థిరమైన అడుగును ఆధారంగా తీసుకుని లోతు కొలవాలి, లేదంటే ముందే దిబ్బ తలను తవ్వి తీసేయాలి.

స్టేషన్లు, పరీక్షలు, మొదటి కరెంటు

స్టేషన్ గురించి తక్కువే రాస్తాను, అక్కడ నేల కనబడుతుంది కాబట్టి. ఒక్కో ఒడ్డున ఆరు సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక స్పేర్. ఒక్కోటి వందల టన్నులు, వంతెనల బలం ముందే చూసుకోవాలి. వాల్వ్ హాల్‌లో (కన్వర్టర్ స్విచ్‌లుండే గదిలో) కన్వర్టర్ ఒక్కో ఆర్మ్‌కు, అంటే శాఖకు, 200కు పైగా సబ్‌మాడ్యూళ్లు (చిన్న స్విచ్ పెట్టెలు), వాటిని చల్లబరిచేందుకు అయాన్లు తీసేసిన నీరు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను రెండు గ్రిడ్ల నమూనాలతో రియల్ టైమ్ సిమ్యులేటర్ మీద ఫ్యాక్టరీలోనే నెలల పాటు తిప్పాలి. సైట్‌లో దొరికే ప్రతి లోపం రెండు దేశాల ఆపరేటర్లనూ ఆపుతుంది.

వేసిన కేబుల్‌ను అసలు వోల్టేజీకి 1.45 రెట్లు, అంటే సుమారు 761 కిలోవోల్ట్‌తో పరీక్షిస్తాం. కిలోమీటరుకు 0.25 మైక్రోఫారడ్ చొప్పున 700 కిలోమీటర్లకు 175 మైక్రోఫారడ్. ఆ వోల్టేజీ దగ్గర ఒక్క కేబుల్‌లో నిలిచే శక్తి 50 మెగాజూళ్లు. 50 మిల్లీఆంపియర్ల పరీక్ష సెట్టుతో ఛార్జ్ చేయడానికే ముప్పావు గంట. పరీక్ష అయ్యాక రెసిస్టర్ ద్వారా దించి, తర్వాత గట్టిగా ఎర్త్ చేసి చాలాసేపు ఉంచాలి. ఒకసారి సున్నాకు తెచ్చి ఎర్త్ తీసేస్తే, ఇన్సులేషన్ లోపల చిక్కుకున్న ఛార్జి మెల్లగా బయటికొచ్చి మళ్లీ ప్రాణం తీసే వోల్టేజీ తెస్తుంది. మీటరు సున్నా చూపించిందని ఎవరూ చేయి పెట్టకూడదు.

ఆ తర్వాత వరుస ఇది. ముందు ఏసీ వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు. కేబుల్ తగిలించకుండా ఒక్కో స్టేషన్ ఒంటరిగా రియాక్టివ్ పవర్ పరీక్ష. అవతలి కొస తెరిచి ఉంచి కేబుల్‌కు పూర్తి డీసీ వోల్టేజీ. అప్పుడు తక్కువ లోడుతో మొదటి ప్రసారం, మెల్లగా పెంచి పూర్తి లోడులో వేడి నిలకడ, దిశ మార్పు, కావాలని చేసే ట్రిప్పులు. పరీక్షలో పారే మెగావాట్లు నిజమైనవే, ఎవరో కొనాలి, ఎవరో అమ్మాలి. కాబట్టి పరీక్షల పట్టిక రెండు మార్కెట్లకూ ముందే తెలియాలి, రోజు తప్పితే మళ్లీ వరుసలో నిలబడాలి. అదే సమయంలో రెండు కొసల నుంచి పల్సు పంపి కేబుల్ ప్రతిధ్వని రికార్డు చేసి దాచాలి. రేపు తెగినప్పుడు ఎక్కడ తెగిందో చెప్పేది పాత రికార్డుకూ కొత్తదానికీ ఉన్న తేడానే.

తెగినప్పుడు

ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఎస్ట్‌లింక్ 2 కేబుల్ 2024 డిసెంబర్ 25న ఆగిపోయింది. తిరిగి పని మొదలుపెట్టింది 2025 జూన్‌లో. ఆరు నెలలు ఎందుకంటే మరమ్మతు అంటే చిన్న ప్రాజెక్టే. చోటు కనిపెట్టాలి, పూడ్చిన మట్టి తీయాలి, కోయాలి, ఒక కొస పైకి తేవాలి. తెగినచోట నీళ్లు లోపలికి పాకి ఉంటాయి. కాగితపు కేబుల్‌లో తడి ఎక్కడిదాకా పోయిందో చూడటానికి కాగితపు ముక్కను వేడి నూనెలో ముంచుతాం. చిటపటలాడితే తడి ఉన్నట్టే, ఇంకా కోయాలి. శబ్దం రాని చోటు దొరికేదాకా కోస్తూ పోవాలి. ఆపైన కొత్త ముక్క, రెండు చివర్లా రెండు జాయింట్లు, రెండోది ఒమేగా. అంటే తెగింది ఒక మీటరైనా కావలసిన స్పేర్ కేబుల్ కోసిన పొడవుకు తోడు లోతుకు రెట్టింపు పైన.

అందుకే లింకు అప్పగించేటప్పుడు స్పేర్ కేబుల్ ఎన్ని మీటర్లుందో ఒక్కటే అడిగితే సరిపోదు. అది ఓడకు ఎక్కించగలిగే రేవులో టర్న్‌టేబుల్ మీద ఉందా, కొసల మూతలు బిగుతుగా ఉన్నాయా, జాయింటు కిట్లలో రబ్బరు తొడుగుల గడువు ఏ సంవత్సరం దాకా ఉంది, సరిగ్గా ఈ కేబుల్ మీద పరీక్ష పాసైన జాయింటర్లు ఎంతమంది, వాళ్ల సర్టిఫికెట్లు ఎప్పుడు ముగుస్తాయి, మరమ్మతు ఓడతో ఒప్పందంలో ఎన్ని రోజుల్లో బయలుదేరాలని రాసి ఉంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని, ప్రతి ఏడూ శీతాకాలానికి ముందు మళ్లీ సరిచూడాలి.